మేస్త్రి లేని బల్ల

"ఏదీ ముట్టుకోలేదు కదా, ఫాదర్?"

"తలుపు మాత్రం తోశాను. గడియ అప్పటికే ఊడి వేలాడుతోంది. లోపల చూశాక కాలు ముందుకు పడలేదమ్మా."

జురేమా తలాడించింది. గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ కోటు జేబుల్లోకి తోసుకుంది. జూన్ అంటే ఇక్కడ నడి చలికాలం, చలి గట్టిగానే ఉంది కానీ అందుకు కాదు. భయమేసింది. ఆ సంగతి ఫాదర్ తిబూర్సియో కంట పడకూడదు.

పేద్రా ఫ్రియా పోలీసు స్టేషన్‌లో డిటెక్టివ్‌గా ఆమె చాలా గదులు చూసింది. దొంగలు పడ్డ ఇళ్లు చూసింది. తాగి తలలు పగలగొట్టుకున్న సారా కొట్లు చూసింది. వాగులో తేలిన మనిషి ఆఖరుసారి పడుకున్న మంచం చూసింది. ఆ గదుల్లో ఎక్కడా మాయమైనవాడు తన తమ్ముడు కాడు. ఇక్కడ తమ్ముడే.

అది చర్చి హాలు వెనకనున్న గది. బడిలో భూగోళం చెప్పే తమ్ముడు ఎల్సియో కొన్ని నెలలుగా బడి వదలగానే ఇందులో దూరి తలుపేసుకుంటున్నాడు. రేపు పొద్దున ముందు హాలులో పాత్రల ఆటల మేళా. బెలో పట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులు కట్టించుకుని జనం వస్తున్నారు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వేషం నోటితోనే కడతారు. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె. తామేం చేస్తున్నదీ చెబుతారు, అది నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ నడిపేవాణ్ణి మేస్త్రి అంటారు. ఈ ఊరికి మేస్త్రి ఎల్సియోనే. రేపటి మొదటి ఆట ఏమిటో అతను ఎవరికీ చెప్పలేదు. అక్కకి కూడా.

కుర్చీలు బోర్లా పడి ఉన్నాయి. రంగులు వేసి ఆరబెట్టిన వేలెడు బొమ్మలు నేలమీద తొక్కుడు పడ్డాయి. పాచికలు పోసుకునే గాజు సీసా పగిలింది. రంగురంగుల పాచికలు గది మూలమూలలకీ దొర్లాయి. బల్ల అంచు మీద ఎర్రటి మరక, అక్కణ్ణుంచి కాలు వెంబడి కిందికి జారిన చార.

ఆమె గాజు పెంకులు తప్పించుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లి మరక మీదికి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

నెత్తురు రాత్రంతా ఆరితే నల్లబడుతుంది, పెచ్చు కడుతుంది. పందిని కోసే ఇంట్లో పుట్టినవాళ్లకి అది ఒకరు చెప్పక్కర్లేదు. ఈ మరక ఇంకా నారింజ ఛాయలో మెరుస్తోంది. ముక్కు దగ్గర పెడితే వంటింటి వాసన. కూరకి ఎర్రరంగునిచ్చే జాఫ్రా గింజలు పంది కొవ్వులో వేయించి తీసిన రంగు.

ఆమె గుండెల్లోంచి ఒక బరువు దిగింది. దిగినంతసేపు పట్టలేదు, ఇంకొకటి వచ్చి కూర్చుంది.

ఇది నాటకమైతే వాడేడీ? చిన్నప్పుడు దాగుడుమూతల్లో మొక్కజొన్న గాదెలో దూరినా వాడు నిలవలేకపోయేవాడు. అక్క గొంతులో కొంచెం కంగారు వినిపిస్తే చాలు, "ఇక్కడున్నానే" అని వాడే అరిచేవాడు. మధ్యాహ్నం నుంచీ ఊళ్లో పోలీసు జీపులు తిరుగుతున్నాయి. అమ్మ చర్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఎక్కడ దాక్కున్నా వాడికి తెలిసే ఉంటుంది. తెలిసీ రాకుండా ఉండడు. అంటే రాలేకపోతున్నాడు.

మరక సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రి కూర్చునే చోట ఒక అట్ట తెర నిలబెట్టి ఉంటుంది, అతను వేసే పాచికలు మిగతావాళ్లకి కనబడకుండా. ఆ తెర ఒక్కటే పడిపోలేదు. దాని వెనక్కి వెళ్లి చూసింది. బల్లంతా గాజు పొడి రాలి ఉంది. ఆ పొడి మీద మూడు పాచికలు వరసగా ఉన్నాయి. ఇరవై ముఖాలది ఇరవై చూపిస్తోంది. పన్నెండు ముఖాలది పన్నెండు. ఎనిమిది ముఖాలది ఎనిమిది. నేలమీద దొర్లినవి మాత్రం ఏ ముఖం పడితే ఆ ముఖంతో ఉన్నాయి.

పొడి మీద ఉన్నాయంటే సీసా పగిలాక పెట్టినవి. గది చిందరవందర చేసినవాళ్లే ఆ చిందరవందరలోంచి మూడు ఏరి ఇలా సర్దిపెట్టారు.

"ఫాదర్, ఆట అయిపోయాక మీరు పాచికలు ఎలా పెడతారు?"

"నేనా? జేబురుమాలు కప్పుతాను." ఆయన సిగ్గుపడ్డాడు. "మూఢనమ్మకమే. ఆదివారం దాని మీదే ప్రసంగం కూడా చేశాను."

"ఇలా పెద్ద ముఖం పైకి ఎవరు పెడతారు?"

ఫాదర్ బల్లవైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "మా బల్ల దగ్గర నలుగురం. నేను, ఎల్సియో, ఒదెట్, మొయాసీర్. ఎవరి అలవాటు వాళ్లది. వాళ్లనే అడుగమ్మా. ఒకరి మీద నేను చెప్పకూడదు."

"మీరెవరి మీదా చెప్పక్కర్లేదు ఫాదర్, వాళ్లే రాసిపెట్టారు," అని గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

జిల్లా కేంద్రం నుంచి దిగిన పోలీసు అధికారి ఆర్లిందో. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఒక కాగితం. వచ్చింది మధ్యాహ్నమే అయినా ఈ కేసు తనదేనన్నట్టు ఊరంతా తిరిగేశాడు. జురేమాని మనిషిగా లెక్కపెట్టడం అతనికి మొదట్నుంచీ అలవాటు లేదు.

"వినండి." కాగితం చదివాడు. "'నలుగురిలో ఒకడు మాయమవుతాడు. చీకటి కోటలో వాణ్ణి బంధిస్తారు. గంటలు మోగేలోగా వాణ్ణి కనిపెట్టకపోతే వాడి ప్రాణం కోటకే చెల్లు.' మీ తమ్ముడి చేతిరాతేనా జురేమాగారూ?"

"అవును సార్. అది ఆట కథ."

"కథ. దయ్యాలకి మొక్కే గుంపులు ప్రతి ఊళ్లోనూ ఇలాంటి కథలే రాసుకుంటాయి. ముందు రాస్తారు, తరవాత చేస్తారు."

"నేను కూడా ఆ గుంపులోనే ఉన్నాను నాయనా," అన్నాడు ఫాదర్ మెల్లిగా. "నాది జేబుదొంగ వేషం. నన్ను కూడా పట్టుకెళ్తావా?"

ఆర్లిందో ఆయన వైపు చూడలేదు. "ఒదెట్‌నీ మొయాసీర్‌నీ జిల్లాకి తీసుకెళ్తున్నాను. వ్యాను వస్తోంది. రేపటి మేళా లేదు, బస్సులు వెనక్కి. మా వాళ్లు వాగు వెతికేశారు, ఇప్పుడు కొండ ఎక్కుతున్నారు. శవం అక్కడే ఎక్కడో ఉంటుంది."

శవం అన్న మాట దగ్గర జురేమా మొహంలో ఏమీ కదలలేదు.

"వ్యాను వచ్చేదాకా వాళ్లతో మాట్లాడతాను."

"తమ్ముడి కేసులో అక్క విచారణ. చట్టంలో ఎక్కడుందమ్మా?"

"చట్టంలో లేదు సార్. వాళ్లు మీతో మాట్లాడరు, నాతో మాట్లాడతారు. అంతే."

అతను గడియారం చూసుకుని భుజం ఎగరేశాడు. "కానివ్వు. నేను బయటే ఉంటాను. వినపడేంత దూరంలోనే."

చర్చి ఆఫీసు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. నేలమీద ఏరిన ఇరవై ముఖాల పాచిక ఒకటి ఆమె బల్ల మధ్యలో పెట్టింది. ఒకటి పైకి వచ్చేట్టు పెట్టింది.

మొదట మొయాసీర్ వచ్చాడు. బస్టాండులో పార్సెళ్ల కౌంటరు దగ్గర కూర్చునే మనిషి, పొడుగ్గా, కోపంగా ఉంటాడు. కూర్చుంటూనే పాచికని చూశాడు. మోచెయ్యి తగలకుండా వెనక్కి జరిగాడు.

"ముట్టుకోవేం?"

"నాది కాదుగా. మనవి కాని పాచికలు ముట్టుకోం. ఇది కూడా నేరమేనా అక్కా?"

"నిన్న రాత్రి ముందు ఎవరు వెళ్లారు?"

"నేనే. ఫాదర్ నాతోనే బయల్దేరాడు. ఒదెట్ సర్దుతానని ఆగింది." అతను వెటకారంగా నవ్వబోయి ఆగాడు. "ఈ మధ్య వాళ్లిద్దరివీ గుసగుసలు ఎక్కువయ్యాయి. నేను గదిలోకి వస్తే మాట మార్చేవాళ్లు. ఇద్దరి మధ్యా ఏదో మొదలైందనుకున్నాను. లాభం లేదక్కా, ఒదెట్ మనవాడికి ఎక్కువే అని ఫాదర్‌తో పందెం కూడా కాశాను."

"పెద్ద ముఖం పైకి పెట్టే అలవాటు ఎవరిది?"

"నాది మాత్రం కాదు. నేను ఒకటి పైకి పెడతాను. దరిద్రమంతా ముందే కారిపోవాలని." బల్ల మీది పాచికని గడ్డంతో చూపించాడు. "ఇదిగో, ఇలా. నన్ను పట్టుకోవడానికి పెట్టారా ఇది?"

"నిన్ను వదిలిపెట్టడానికి పెట్టాను. వెళ్లు."

అతను లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. గొంతులో వెటకారం పోయింది. "అక్కా, బతికే ఉన్నాడా?"

"వెళ్లు మొయాసీర్."

తరవాత ఒదెట్ వచ్చింది. మందుల షాపులో పని చేసే పిల్ల. అక్కణ్ణుంచే తీసుకొచ్చినట్టున్నారు, తెల్ల కోటు విప్పను కూడా లేదు. కళ్లు వాచి ఉన్నాయి. జురేమా ఏమీ అడగకుండా ఊరుకుంది. ఊరుకుంటే మనుషులు చేతులతో మాట్లాడతారని ఆమెకి తెలుసు.

"నాకేమీ తెలీదక్కా. నిన్న రాత్రి నేను వెళ్లేసరికి బాగానే ఉన్నాడు. బొమ్మలకి రంగులు వేసుకుంటున్నాడు. గుడ్ నైట్ చెప్పాను. అంతే."

"ఊఁ."

"మేళా అంటే ఎంత సంబరంగా ఉన్నాడో మీకు తెలుసు. ఎవరితోనూ గొడవల్లేవు. గొడవపడే మనిషి కాదు కదా..."

చెబుతూనే ఆమె చూపుడు వేలు బల్ల మీద జరిగింది. పాచిక అంచుకి ఆనింది. మెల్లిగా ఒక వైపు దొర్లించింది, ఇంకో వైపు దొర్లించింది. ఇరవై పైకి వచ్చింది. వేలు ఆగింది. మాట కూడా ఆగింది.

జురేమా ఆ పాచికకేసే చూస్తోంది.

"చెడ్డ ముఖం పైకి పెట్టి వదిలేస్తే దానికే అలవాటు పడిపోతుందని..." ఒదెట్ సగంలో ఆపేసింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. కాలినట్టు.

"గది మీరే పాడుచేశారు," అంది జురేమా. "సీసా నువ్వే పగలగొట్టావు. మనసొప్పక మూడు పాచికలు సరిగ్గా పెట్టావు. బల్లకి పూసింది జాఫ్రా. నేను అడిగేది ఒక్కటే. వాడెక్కడ?"

ఒదెట్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"రేపటి మొదటి ఆట అదే అక్కా. జనం వచ్చేసరికి మేస్త్రి ఉండడు. గది అలా ఉంటుంది. వాళ్లంతా కలిసి ఆనవాళ్లు పట్టుకుని ఊరంతా వెతకాలి. మధ్యలో నా ఫోనుకి ఎల్సియో ఫోన్ చేస్తాడు, బందీగా. ఆఖరికి దొరుకుతాడు. అక్కణ్ణుంచి మేళా. ఇవాళ ఎవరూ ఆ గదివైపు రారనుకున్నాం. ఫాదర్‌కి కుర్చీలు కావాల్సొస్తాయని మాకేం తెలుసు."

"ఎక్కడ దాక్కున్నాడు?"

"కొండ మీద. మా మామయ్య పాత కాఫీ గిడ్డంగి ఉంది కదా, దాంట్లో. రాత్రే వెళ్లాడు. పొద్దున అన్నం పట్టుకెళ్లాను." ఆమె ఊపిరి పీల్చుకుంది. "లేడు."

"లేడంటే?"

"దుప్పటి ఉంది. టార్చి ఉంది. గుమ్మంలో ఒక బూటు పడి ఉంది. ఒక్కటే. నేను పిలిచాను. పలకలేదు. అప్పుడేం చేశానో తెలుసా అక్కా? నవ్వాను."

"నవ్వావా?" అంది జురేమా.

"కథ మార్చేశాడనుకున్నాను. మేస్త్రులు అంతే చేస్తారు. మనం ఒకటి అనుకుంటాం, వాళ్లు ఇంకొకటి తెస్తారు. నన్ను కూడా ఆటలోకి లాగేశాడు, ఆ బూటు నాకు పెట్టిన ఆనవాలు అనుకున్నాను. సంబరపడ్డాను. ఆనవాలు చెరపకూడదని దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వచ్చేశాను. జీపులు వచ్చాక కూడా..." ఆమె కోటు చేతితో కళ్లు తుడుచుకుంది. "మిమ్మల్ని కూడా ఆటలో కలుపుకున్నాడేమో అనుకున్నాను. ఎల్సియో అక్క కదా, ఒప్పుకుని ఉంటారనుకున్నాను. ఇందాక మీరు లోపలికి వస్తుంటే మీ మొహం చూశాను. అప్పుడు తెలిసింది."

బల్లకి అటువైపున్న ఈ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలని జురేమా చూసింది. రాలేదు. రాత్రి చీకట్లో ఎవరో తమ్ముణ్ణి ఒంటి బూటుతో ఈడ్చుకుపోతే, దాన్ని కథ అనుకుని వాకిట్లో అన్నం పెట్టి వచ్చింది. వాళ్ల ఆటలో అనుకోనిది ఏది జరిగినా అది మేస్త్రి చేసిందే. ఇంకొకరు చేసి ఉండొచ్చన్న ఊహే వాళ్లకి రాదు.

"ఆ గిడ్డంగికి ఇంకెవరు వస్తారు?"

"ఎవరూ రారు. మామయ్య మంచాన పడ్డాక తాళమే లేదు. కానీ లోపల కొత్త గోనెసంచులు ఉన్నాయి. గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం మేం చూసినప్పుడు లేవు."

జురేమా లేచి నిలబడింది. తలుపు అదే క్షణంలో తెరుచుకుంది.

"అద్భుతం," అన్నాడు ఆర్లిందో. చేతిలో వాకీటాకీ ఉంది. మొహం నవ్వుతోంది, కళ్లు నవ్వడం లేదు. "మూడు జీపులు, కుక్కలు, పదిహేనుమంది మనుషులు. ఒక బడిపంతులి దాగుడుమూతల కోసం."

"సార్, కొండ మీద గిడ్డంగికి మీవాళ్లని పంపండి. ఇప్పుడే."

"ఆ మరక రంగని ఇందాకే మావాడు చెప్పాడు. నువ్వు మాత్రం ఏమీ తెలీనట్టు ఊరుకున్నావు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"చూడగానే."

"దాచావు."

"చెబితే మీరు వెతకడం మానేస్తారు."

"మానేస్తాను. తప్పకుండా మానేస్తాను."

"జూన్ చలిలో ఒంటి బూటుతో కొండ దిగేవాడు ఎవడు సార్?"

"ఆటగాడు. ఇందాక ఆ పిల్ల చెప్పలేదూ, మేస్త్రులు కథ మారుస్తారని?" వాకీటాకీ పైకెత్తి మళ్లీ దించాడు. "నీ ఉద్యోగం సంగతి సోమవారం మాట్లాడుకుందాం. సాక్ష్యం దాచిన డిటెక్టివ్ కావాల్సింది ఎవరికమ్మా?"

"ఉద్యోగం తీసుకోండి. ముందు జీపులు గిడ్డంగికి పంపండి. సంచులు ఎవరివో తేల్చండి. అవి పెట్టినవాళ్ల కంట వాడు పడకూడని వేళ పడ్డాడు."

ఆమె గొంతు ఎప్పుడూ అంత ఎత్తుకి లేవలేదు. ఆర్లిందో కూడా ఒక్క క్షణం తటపటాయించాడు. నోరు తెరిచాడు. పంపేవాడేమో.

ఒదెట్ కోటు జేబులో ఫోను మోగింది.

తీసి చూసి ఆమె దాన్ని దాదాపు జారవిడిచింది. తెర మీద పేరు: మేస్త్రి.

ఆర్లిందో ఫోను లాక్కుని స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు.

"సాహసికులారా," అంది ఎల్సియో గొంతు. జురేమా ఫోను మీదికి వంగింది. బల్ల అంచు పట్టుకుంది. "నన్ను చీకటి కోటలో బంధించారు. చుట్టూ రాతిగోడలు. కాపలావాడు నిద్రపోడు." కాగితం చూసి చదువుతున్నట్టుంది, కానీ మేస్త్రి గొంతే, బల్ల దగ్గర వాడే ఆ పెద్ద గొంతే. వెనక ఎక్కడో చెక్క మీద ఏదో తగిలిన చప్పుడు. "గంటలు మోగేలోగా నన్ను కనిపెట్టండి."

"పంతులూ," అన్నాడు ఆర్లిందో. "ఆట చాలు. పోలీసు అధికారిని మాట్లాడుతున్నాను. ఎక్కడున్నావు?"

చెక్క చప్పుడు మళ్లీ వచ్చింది, రెండుసార్లు.

"క్షమించండి సార్," అంది ఎల్సియో గొంతు, ఈసారి మామూలుగా. "ఇదంతా ఆటే. నేను బాగానే ఉన్నాను. చోటు చెబితే రేపటి ఆట పోతుంది. దయచేసి మీవాళ్లని పంపేయండి. అక్కకి చెప్పండి, రేపు పొద్దున వచ్చేస్తానని."

మళ్లీ ఆ చప్పుడు, రెండుసార్లు.

"విన్నావా?" ఆర్లిందో జురేమా వైపు తిరిగాడు. ఫోను సంగతి మరిచిపోయి వాకీటాకీలో మాట్లాడుతూ గుమ్మం దాటాడు. "కొండ మీదున్నవాళ్లంతా దిగిపొండి. వెతుకులాట ఆపేశాం. అవును, అందరూ. వ్యాను కూడా వెనక్కి." బయట అతని బూట్ల చప్పుడు వరండాలో దూరమైంది. ఎక్కడో జీపు ఇంజను అందుకుంది.

జురేమా కుర్చీలో కూలబడింది. బతికి ఉన్నాడు. వాడి గొంతు విన్నది. బాగానే ఉన్నానన్నాడు. ఎంత తిట్టాలో రేపు తిడుతుంది. అమ్మకి చెప్పాలి, ముందు అమ్మకి చెప్పాలి. నవ్వు వస్తోంది, కన్నీళ్లు కూడా వస్తున్నాయి. ఒక చేత్తో కళ్లు తుడుచుకుని తలెత్తింది.

ఒదెట్ మొహంలో రక్తం లేదు. కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. దాన్ని మెల్లిగా బోర్లించి, అరచేత్తో చెక్కని తట్టింది. రెండుసార్లు. తన చెయ్యి ఏం చేస్తోందో తనే చూస్తున్నట్టు చూసింది.

"ఏంటది?" అంది జురేమా. "ఒదెట్. ఏంటది, చెప్పు."

"మా బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది అక్కా. ఎల్సియో పెట్టిందే. ఆడుతుంటే ఒక్కోసారి కథ ఎక్కడో నిజంగా తగులుతుంది. ఎవరికైనా నిజంగా భయమేస్తే, ఇక తట్టుకోలేమనిపిస్తే, నోటితో చెప్పక్కర్లేదు. బల్ల మీద అరచేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే కథ ఆగిపోవాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఎవరూ నవ్వకూడదు." ఆమె మళ్లీ చెక్క మీద చెయ్యి ఆనించింది. "ఇన్నేళ్లలో ఒక్కసారే జరిగింది. మొయాసీర్ వాళ్ల నాన్న చనిపోయిన నెలలో కథలో ఒక పాడె వచ్చింది, అతను తట్టాడు. ఆ రాత్రి మేమంతా ఊరికే కూర్చున్నాం. ఇంకెప్పుడూ ఎవరూ తట్టలేదు. ఆటలో భాగంగా దాన్ని ఎవరూ వాడరు. మేస్త్రి అయితే అసలు వాడడు."

"ఇప్పుడు తట్టింది..."

"వాడే. మాటమాటకీ తట్టాడు అక్కా. నోటితో వాళ్లు చెప్పమన్నది చెబుతున్నాడు, చేత్తో ఆపమని అడుగుతున్నాడు. ఒక చెయ్యి వదిలేసి ఉంటారు, ముందు పెట్టిన కాగితం తిప్పుకోవడానికి. బల్లో పెట్టో ఏదో ఉంది వాడి పక్కన. వాళ్లకి తెలీదు. తట్టడమంటే ఏంటో వాళ్లకి తెలీదు కాబట్టే..."

జురేమా లేచింది. వరండాలోకి పరిగెత్తి ఆర్లిందోని ఆపాలి, జీపులు గేటు దాటకముందే ఆపాలి. ఒక అడుగు వేసింది. ఫోను తీసుకోవాలని చెయ్యి చాచి, చాచిన చెయ్యి అలాగే గాలిలో ఆపేసింది.

బల్ల మీద ఫోను తెర వెలుగుతోంది. మేస్త్రి అన్న పేరు కింద అంకెలు ఇంకా కదులుతున్నాయి. ఒక్కొక్క సెకనూ పెరుగుతోంది.

ఎవరూ ఫోను పెట్టేయలేదు. ఇటు ఆర్లిందో పెట్టేయలేదు. అటు వాళ్లు కావాలనే పెట్టేయలేదు, పోలీసులు నమ్మారో లేదో వినడానికి.

ఒదెట్ ఆమె చూపు వెంట చూసి రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పటికే అన్నీ చెప్పేసింది.

ఫోనులోంచి ఒక ఊపిరి వినిపించింది, ఎల్సియోది కాదు. నింపాదిగా, నోటికి చాలా దగ్గరగా. తరవాత ఒక మగగొంతు, తమతో కాదు, పక్కనున్న ఎవరితోనో అంది:

"ఆ చెయ్యి కూడా కట్టెయ్."

ఫోను ఆగిపోయింది.